చాకీ గదిలో ఏసీ ఆగి ఆగి నడుస్తా ఉంటే ముందు గడియారం చూడండి

ఈ వారం పురుగు పాఠం కాదు, మిషను పాఠం. అయినా చివరికి పురుగు దగ్గరికే వస్తాము, కొంచెం ఓపికగా చదవండి.

ఎండలు ముదిరినప్పటి నుంచి మన గుంపులో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తా ఉంది. “చాకీ గదిలో ఏసీ కాసేపు నడుస్తాది, ఆగిపోతాది, మళ్లా దానంతటదే వస్తాది. మెకానిక్ వచ్చినప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తాది.” పూర్తిగా చచ్చిన మిషనుతో ఇంత తంటా లేదు. ఎక్కడ చచ్చిందో వెతికి బాగు చేస్తారు. ఆగి ఆగి నడిచేదే మెకానిక్ కంట పడదు. దానికి డబ్బు పోతాది, అంతకన్నా ముందు పంట పోతాది.

పోయిన సంవత్సరం ఏప్రిల్‌లో మాకు కూడా ఇదే అయింది. అత్తిముగంలో మా చాకీ గది చిన్నది. ఒకటిన్నర టన్ను ఏసీ, దాని అవుట్‌డోర్ పెట్టె మిద్దె పైన. వారంలో రెండు సార్లు మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి పోయినాడు. ఏసీ మాత్రం దాని ఇష్టానికే నడిచింది. రెండో జ్వరానికి పురుగు సమంగా పడుకోలేదు. పైవరుస ట్రేల్లో జ్వరం లేచి తలలెత్తి ఆకు కోసం చూస్తా ఉంటే, ఏసీ ఎదురుగా ఉన్న ట్రేల్లో ఇంకా పడుకోను కూడా లేదు. మా దగ్గర పురుగు తీసుకుపోయిన ఒకాయన తరువాత నేరుగానే చెప్పినాడు: “ఈ ఒక్క పంటలో నేను రెండు పంటలు మేపినాను, చిన్నవి ఒకటి, పెద్దవి ఒకటి.” ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆ పంట తరువాతే మేము కూర్చొని ఈ ఏసీ సంగతి నేర్చుకున్నాము.

ముందు లెక్క గుర్తు చేసుకుందాం. మొదటి దశ పురుగుకు 28 డిగ్రీలు, రెండో దశకు 27, 28 డిగ్రీలు ఉండల్ల. తేమ 85 నుంచి 90 శాతం. పెద్ద పురుగుకు వచ్చేసరికి వేడీ తేమా రెండూ తగ్గిస్తా పోయి, ఐదో దశకు 24 డిగ్రీలు, 70 శాతం లోపల పెట్టుకుంటాము. పురుగుకు మన మాదిరి ఒంట్లో వేడిని అదుపు చేసే శక్తి లేదు. గది ఎంత వేడో పురుగూ అంతే వేడి. గది ఒక గంట 34కు పోయి, తరువాతి గంట 26కు దిగితే, ఒకే రోజు పొదిగిన పురుగులు ఒక్కో ట్రేలో ఒక్కో రకంగా ఎదుగుతాయి. మనం ఇక్కడ ఎక్కువగా మేపేది బైవోల్టీన్, డబుల్ హైబ్రిడ్. అవి వేడికి అసలే ఓర్చవు. హోసూరు సీమ చల్లన అని పేరే గానీ, మిద్దె కింద మధ్యాహ్నం రెండు గంటలకు ధర్మామీటరు ఏం చెప్తాదో అందరూ చూసే ఉంటారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పల్ల. ఏసీ పుట్టిందే తేమ తీసేయడానికి. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్ఖానాలో తేమకు కాగితం ఉబ్బి రంగులు పక్కకు పోతా ఉంటే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు గాలిలో తేమ తగ్గించే యంత్రం తయారు చేసినాడు. నేటి ఏసీకి మొదలు అదే. అందుకని చాకీ గదిలో ఏసీ బాగా నడుస్తా ఉన్నా సరే, తేమ పడిపోతాది. ట్రే చుట్టూ తడి స్పాంజి, పైన పారఫిన్ కాగితం, గదిలో తేమ మిషను, వీటిని ఏసీ ఉంది కదా అని మానుకోవద్దు.

ఇంక అసలు విషయానికి వస్తాము. ఆగి, మళ్లీ దానంతటదే వచ్చే ఏసీ చాలాసార్లు చెడిపోయి ఆగడం లేదు. తనను కాపాడుకోను ఆగుతా ఉంది. దేని నుంచి కాపాడుకుంటా ఉందో తెలిస్తే సగం పని అయినట్టే. అది తెలియల్లంటే ఒక నోటుబుక్కు, ఒక గడియారం చాలు. ఏసీ ఆగిన టైము, మళ్లీ వచ్చిన టైము రాయండి. ఆగినప్పుడు స్టెబిలైజర్ మీద వోల్టేజి ఎంత చూపిస్తా ఉందో రాయండి. లోపలి ఫ్యాను తిరుగుతా ఉందా, మిద్దె పైన పెట్టె ఫ్యాను తిరుగుతా ఉందా, కంప్రెసర్ ‘గుర్ర్’ అనే చప్పుడు ఉందా లేదా, అదీ రాయండి. మూడు రోజులు రాస్తే చాలు.

మా పుస్తకంలో రెండు రకాల ఆగడాలు కనిపించినాయి. పొద్దున ఆరు దాటినాక మూడు నిమిషాలు ఆగేది, వచ్చేది, మళ్లీ మూడు నిమిషాలు ఆగేది. అప్పుడు మొత్తం ఏసీ ఆగిపోయేది, లోపలి ఫ్యానుతో సహా. ఇంకో రకం మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు లోపల. అప్పుడు రెండు ఫ్యాన్లూ తిరుగుతానే ఉండేవి, కంప్రెసర్ చప్పుడు మాత్రం లేదు. నలభై నిమిషాలకు గానీ తిరిగి వచ్చేది కాదు. మేము ఒక రోగం అనుకున్నది రెండు రోగాలు. ఈ రెంటిలో దేనికీ గ్యాస్ మందు కాదు.

పొద్దున రోగం కరెంటుది. మూడు ఫేజులు వచ్చిన టైముకు చుట్టుపక్కల బోర్లన్నీ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. 230 ఉండాల్సిన చోట మా స్టెబిలైజర్ 170లలో చూపించేది. అంత తక్కువకు దిగితే అది ఏసీకి కరెంటు కట్ చేస్తాది. మూడు నిమిషాలు ఆగి మళ్లీ ఇస్తాది. ఆ మూడు నిమిషాలు దండగ అనుకోవద్దు. కంప్రెసర్ ఆగినప్పుడు పైపుల్లో ఒక పక్క ఒత్తిడి ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటాది. రెండూ సమం కాకముందే స్టార్ట్ చేస్తే మోటారు తిరగలేక వేడెక్కుతాది. ఆగిన వెంటనే రిమోటు నొక్కి నొక్కి లేపేవాళ్లు ఉండారు. అట్లా చేయొద్దు. స్టెబిలైజర్ ‘డిలే’ తీసేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పేవాళ్లూ ఉండారు. అదీ వద్దు.

తప్పంతా ఈబీ లైనుదే అనుకుంటిమి. వోల్టేజి పడినప్పుడు పక్కింట్లో లైటు కూడా మసకబారితే లైను లోపం, మన ఒక్క గదిలోనే మసకబారితే మన వైరు లోపం. మాకు రెండూ ఉండినాయి. ఇంటి బోర్డు నుంచి చాకీ గదికి 40 మీటర్లు. ఎప్పుడో లైట్లకోసం లాగిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీదే ఏసీ పెట్టి ఉంటిమి. లెక్క చూడండి. పోను రాను కలిపి 80 మీటర్లు. ఆ వైరుకు ఇంచుమించు ఒక ఓమ్ నిరోధం. ఏసీ నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకుంటే వైరులోనే 8 వోల్టులు పోతాయి, అది పెద్ద విషయం కాదు. కానీ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో 40 ఆంపియర్ల దాకా లాగుతాది. అప్పుడు వైరులోనే 40 వోల్టులు మాయం. బోర్డు దగ్గర 200 ఉంటే ఏసీకి 160 మాత్రమే అందుతాది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయితే 15 వోల్టులతో సరిపోతాది. మేము వైరు మార్చినాము, ప్లగ్గు తీసేసి నేరుగా స్విచ్చి పెట్టించినాము. పాత ప్లగ్గు కాలు ఒకటి నల్లగా మాడి ఉండింది. ప్లగ్గు ముట్టుకుంటే కాలుతా ఉంటే ఆ పొద్దే మార్చండి, ఏసీ కోసం కాదు, గది తగలబడకుండా. మా సొంత బోరు ఆటో స్టార్టర్‌ను కూడా కొన్ని నిమిషాలు ఆలస్యంగా లేచేటట్టు పెట్టించినాము.

మధ్యాహ్నం రోగానికి మాత్రం మిద్దె ఎక్కాల్సి వచ్చింది. కంప్రెసర్‌కు వేడి చూసి కరెంటు కట్ చేసే చిన్న స్విచ్చి ఒకటి ఉంటాది, ఓవర్‌లోడ్ అంటారు. కంప్రెసర్ మితిమీరి కాగితే అది విడిపోతాది. కాగిన ఇనుప ముద్ద చల్లారేదాకా, అంటే అరగంటో గంటో, మళ్లీ అతుక్కోదు. ఫ్యాన్లు తిరుగుతా కంప్రెసర్ మాత్రం నిద్రపోతే ఇదే అనుకోండి. చెయ్యి పెట్టి చూడొద్దు, చర్మం ఊడొస్తాది.

ఎందుకు కాగింది? మేము ట్రేలు దులిపి, కడిగి, ఎండబెట్టేది ఆ మిద్దె మీదే. పడక మీద చల్లిన సున్నం పొడి, ఎండిన పురుగు పెంట, ఆకు పొట్టు, అన్నీ గాలికి లేచి పెట్టె వెనక రెక్కల్లోకి పోయినాయి. బయటికి దుమ్ము కనిపించలేదు. టార్చి వేసి చూస్తే రెక్కల మధ్య గోడకు పూసినట్టు తెల్లగా పేరుకొని ఉంది. గది నుంచి తెచ్చిన వేడి బయటికి పోయే దారే అది. పైగా పెట్టె పిట్టగోడకు ఆనుకొని ఉంది. వదిలిన వేడిగాలి గోడకు తగిలి మళ్లీ లోపలికే వచ్చేది. ఊజీ ఈగ రాకూడదని ఎవరో పెట్టె చుట్టూ కూడా నైలాన్ వల కట్టి ఉండినారు. ఎవరో అంటున్నాము గానీ మేమే. ఊజీ వల కిటికీకి, తలుపుకు కట్టాల్సింది, మిషను నోటికి కాదు.

మెయిన్ ఆపేసి, వల తీసేసి, పెట్టెను గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరిపినాము. పైపు, గ్యాస్ పని ఉంటాది కాబట్టి మెకానిక్‌తోనే చేయించినాము. రెక్కలను మామూలు పైపు నీళ్లతో లోపలి నుంచి బయటికి కడిగినాము. బండ్లు కడిగే ప్రెషర్ గన్ వద్దు, అల్యూమినియం రెక్కలు ఒరిగిపోయి దారి ఇంకా మూసుకుంటాది. పైన ఎత్తుగా ఒక రేకు వేసినాము, నాలుగు పక్కలా గాలి ఆడేటట్టు. ట్రేలు దులిపే చోటు కిందికి మార్చినాము.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో బండినే ఇల్లుగా చేసుకొని ఊర్లు తిరిగేవాళ్లు ఉండారు. ఆ బండి కప్పు మీద ఏసీ ఉంటాది. దిగిన చోట పొడుగాటి వైరు లాగి కరెంటు తీసుకుంటారు. వాళ్ల గోడు కూడా అచ్చం మనదే: ఎండవేళ ఆగుతాది, చల్లబడినాక వస్తాది. వెతికితే దొరికేది కూడా అవే, సన్న వైరు, తక్కువ వోల్టేజి, కప్పు మీద ఎండ, దుమ్ము పట్టిన రెక్కలు.

గ్యాస్ గురించి ఒక మాట. గ్యాస్ పెట్రోలు కాదు, నడిచే కొద్దీ అయిపోను. అది మూసిన పైపుల్లో తిరుగుతా ఉంటాది. తగ్గిందంటే ఎక్కడో కారుతా ఉందని అర్థం. కారే చోటు వెతకకుండా నింపితే మళ్లీ కారుతాది. తగ్గకుండానే నింపితే ఇంకా చెడ్డ. ఎక్కువైన గ్యాస్ ఒత్తిడి పెంచుతాది, కంప్రెసర్ ఇంకా కాగుతాది. మాకు రెండోసారి నింపినాక మధ్యాహ్నం ఆగడాలు ఎక్కువైనాయని పుస్తకమే చెప్పింది. చివరికి వేరే మెకానిక్‌ను పిలిచి, ఉన్నదంతా తీసేసి, పెట్టె మీద రాసిన తూకం ప్రకారం తూచి నింపించినాము.

మాకు రాని ఇంకో రెండు మూడు రకాలు కూడా చెప్తాము, మీకు వచ్చి ఉండొచ్చు.

బేరికె దిక్కు ఒక అన్నకు రాత్రి పూట ఇబ్బంది. సాయంత్రం బాగా చల్లగా ఉండేది, నడిరాత్రికి ఫ్యాను తిరుగుతా ఉన్నా చల్లదనం లేదు, తెల్లవారితే ట్రేల మీద నీళ్ల చుక్కలు. లోపలి పెట్టె మూత తీసి చూస్తే పైపులకు మంచు గడ్డ కట్టింది. ఫిల్టరు సున్నం పొడితో మూసుకొని, గాలి ఆడక, పైపుల మీద తేమ గడ్డకట్టింది. గడ్డ కరిగినప్పుడు నీళ్లు పురుగు మీద పడ్డాయి. ఇట్లయితే ఏసీని ‘ఫ్యాన్’ మీద పెట్టి గంట వదలండి, గడ్డ కరుగుతాది. గడ్డను కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, పైపుకు చిల్లు పడితే ఇంక అంతే. ఫిల్టరు కడిగి ఆరబెట్టి వేయండి. ఫిల్టరు శుభ్రంగా ఉండి కూడా మళ్లీ మంచు పడితే, అప్పుడు గ్యాస్ తక్కువ అనే అనుమానం సబబు. ఇండ్లలో నెలకోసారి కడిగే ఫిల్టరును చాకీ గదిలో ప్రతి పంటకు కనీసం రెండు సార్లు కడగల్ల. జ్వరానికి సున్నం చల్లినాక ఒకసారి, పురుగు ఇచ్చేసినాక ఒకసారి.

ఇంకొకటి కెపాసిటర్. కంప్రెసర్ స్టార్ట్ కాబోయి ‘మ్మ్మ్’ అని కొన్ని క్షణాలు మూలిగి ‘టక్’మని ఆగి, కాసేపటికి మళ్లీ అదే చేస్తా ఉంటే దాన్నే అనుమానించండి. మన ఊరి మోటారు మెకానిక్‌లు దాన్ని ‘కండెన్సర్’ అంటారు, ఏసీ మెకానిక్ కండెన్సర్ అంటే మిద్దె మీది రెక్కల చుట్ట. ఈ తేడా తెలియక మేము ఫోనులో పది నిమిషాలు గొడవపడినాము. డబ్బా మీద 45, 50 అని అంకె ఉంటాది. మీటరు పెడితే అంతకు దగ్గర దగ్గరగా రావల్ల, బాగా తగ్గి ఉంటే మార్చేదే. వేడికి, వోల్టేజి ఆటలకు ఇది తొందరగా బలహీనమైపోతాది, ఖరీదు తక్కువ. అయితే కరెంటు ఆపినాక కూడా దానిలో షాకు నిలిచి ఉంటాది, మీ చేత్తో విప్పొద్దు.

కొన్నిసార్లు రోగమే ఉండదు. గది చల్లబడింది అనుకొని ఏసీ ఆగుతాది, అది దాని పని. కానీ ట్రే స్టాండును ఏసీ ముందుకే పెట్టి ఉంటే, చల్లగాలి స్టాండుకు తగిలి వెనక్కి తిరిగి ఏసీ నోట్లోకే పోతాది. గది మూలలో 31 ఉన్నా ఏసీ మాత్రం 26 అనుకొని నిద్రపోతాది. ఐదు నిమిషాలకు లేస్తాది, మళ్లీ పడుకుంటాది. స్టాండు మూడు అడుగులు జరిపితే పైసా ఖర్చు లేకుండా నయం. ధర్మామీటరు కూడా ఏసీ కింద కాదు, పురుగు ఉన్న ఎత్తులో, దూరం మూలలో వేలాడదీయండి.

ఇన్వర్టర్ ఏసీ అయితే తప్పు ఏమిటో అదే చెప్తాది. ఆగినప్పుడు లైటు ఎన్ని సార్లు మినుకుతా ఉందో, ఏ అక్షరం అంకె చూపిస్తా ఉందో ఫోటో తీసి పెట్టుకోండి. బయటి పెట్టె బోర్డులోకి చీమలు, బల్లులు దూరి ఆగిన ఏసీలు కూడా ఉండాయి. వైరు దూరే రంధ్రాలు మూసేస్తే సరి.

మన పనిలో మాత్రమే వచ్చే ఒక కీడు ఉంది. పంటకు పంటకు మధ్య గది శుద్ధికి బ్లీచింగ్ ద్రావణం, ఫార్మాలిన్ కొడతాము. పురుగుకు అది మంచిదే, ఏసీ రాగి పైపుకు, అల్యూమినియానికి మాత్రం విషం. ఆ ఆవిరికి పైపులో కంటికి కనిపించని చిల్లులు పడి, నెలల తరువాత గ్యాస్ కారుతాది. మందు కొట్టే ముందు ఏసీ ఆపి, లోపలి పెట్టెను పాలిథీన్‌తో గట్టిగా కట్టండి. గది తెరిచి వాసన పూర్తిగా పోయినాకే విప్పండి. అట్లని ఏసీని శుద్ధి చేయకుండా వదలొద్దు, దాని దుమ్ములో కూడా పాలురోగం, సున్నకట్టు రోగం దాగి ఉండొచ్చు. ఫిల్టరు, ప్లాస్టిక్ మూత విప్పి బయట కడిగి ఎండబెట్టండి. లోపలి రెక్కలను మెత్తని బ్రష్‌తో దులిపేటప్పుడు గదిలో పురుగు ఉండకూడదు.

ఇదంతా సరే, పురుగు గదిలో ఉండగానే ఏసీ ఆగితే? మెకానిక్ వచ్చేలోపల పురుగును కాపాడుకునేది ఇట్లా. ఎండ తగిలే కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టండి, అరగంటకోసారి తడపండి. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి ఇది కొన్ని డిగ్రీలు దించుతాది, తేమ కూడా ఇస్తాది. చాకీకి రెండూ కావల్ల. వాన ముసురులో ఇది పని చేయదు. పై ట్రేలను కింది వరుసకు, కింది వాటిని పైకి మార్చండి. మిద్దె మీద తడి గడ్డి గానీ గోనెలు గానీ పరవండి. ఫ్యాను పురుగు మీదికి నేరుగా తిప్పొద్దు, ఆకు వాడిపోతాది. జ్వరంలో ఉన్న పురుగుకు మాత్రం తడి పెంచొద్దు, అప్పుడు పడక పొడిగానే ఉండల్ల. గాలి ఆడనిస్తే చాలు.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు “ఏసీ రావడం లేదు” అనొద్దు. “మధ్యాహ్నం రెండు గంటలకు కంప్రెసర్ ఆగుతాది, ఫ్యాన్లు తిరుగుతాయి, నలభై నిమిషాలకు వస్తాది, వోల్టేజి 215” అనండి. ఆ టైముకే రమ్మనండి. గ్యాస్ అంటే, ముందు ఎంత ఒత్తిడి ఉందో గేజీ పెట్టి చూపించమనండి, ఆంపియర్లు కొలవమనండి. మంచి పనివాడు దీనికి కోపం చేసుకోడు.

ఈ వారం ఎవరి ఏసీ ఆగి ఆగి నడుస్తా ఉందో వాళ్లు మూడు రోజుల పుస్తకం ఫోటో గుంపులో పెట్టండి. స్టెబిలైజర్ అంకె, మిద్దె మీది పెట్టె వెనకవైపు ఫోటో కూడా పెట్టండి. అందరం కలిసి చూద్దాము.